ఆదివారం లీగ్‌కి రెఫరీలు దొరకడం లేదు: ఎవర్ని పిలవాలి, ఎంత ఇవ్వాలి?

పట్టు ఊరి నాన్న · సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది బరంపురం. మా వీధి చుట్టుపక్కల పిల్లలకి రెండేళ్ళుగా ఆదివారాలు బాస్కెట్‌బాల్ లీగ్ నడుపుతున్నాం. ఎనిమిది జట్లు, జట్టుకి పదిమంది, 11 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. తెలుగు ఇళ్ళ పిల్లలూ ఒడియా ఇళ్ళ పిల్లలూ ప్రతి జట్టులోనూ కలిసే ఉంటారు. అలాగే ఉండాలని మొదటి రోజే అనుకున్నాం. ఒక స్కూలు వాళ్ళు ఉదయం 6 నుంచి 10 దాకా కోర్టు ఇస్తున్నారు. 2013లో ఫైలిన్ తుపానుకి అక్కడి బోర్డులు రెండూ ఒరిగిపోతే తల్లిదండ్రులే తలా కొంత వేసుకుని మళ్ళీ నిలబెట్టారు. బంతులున్నాయి, జెర్సీలున్నాయి. పిల్లలైతే ఐదున్నరకే గేటు దగ్గర ఉంటారు. లేనిది రెఫరీ.

మొదటి ఏడాది ఒక పీఈటీ మాస్టారు డబ్బు తీసుకోకుండా ఆడించారు. ఆయనకి బదిలీ అయింది. తరవాత ఇచ్ఛాపురం నుంచి ఇద్దర్ని పిలిచాం. ఒకాయన రెండు నెలలు వచ్చి మానేశారు, ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. రెండో ఆయనకి ఇంటి దగ్గర పనులు. నిన్న ఆదివారం ఎవరూ లేకపోతే విజిల్ నేనే పట్టుకున్నాను.

ఆ మ్యాచ్‌లో మా అబ్బాయి ఆడుతున్నాడు. అవతలి జట్టులో 12 ఏళ్ళ పిల్లాడొకడు ఉన్నాడు, చాలా బాగా ఆడతాడు. మూడో క్వార్టర్‌లో మావాడు రింగ్ కిందకి దూసుకెళ్తుంటే ఆ పిల్లాడి చెయ్యి తగిలింది. నేను ఫౌల్ ఊదాను. స్కోరు రాసే టేబుల్ దగ్గర కూర్చున్నాయన "ఐదు" అన్నాడు. ఐదు ఫౌళ్ళయితే ఇక ఆటలోంచి బయటికే కదా. అప్పటికే నాలుగు ఉన్నాయని వాడికి తెలియదు, వాళ్ళ కోచ్‌కి తెలియదు, నాకూ తెలియదు. పిల్లాడు ఏడవలేదు. పక్కకెళ్ళి బూట్లు విప్పుకున్నాడు. వాళ్ళమ్మ వచ్చి ఒక్కసారి నా మొహంలోకి చూసి, వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

అది నిజంగా ఫౌలేనా? అవతల ఉన్నది మావాడు కాకపోతే ఊదేవాణ్ణా? నిన్నట్నుంచి అదే ఆలోచన. నాకు తెలియడం లేదు.

ఇంకోసారి విజిల్ పట్టుకోను. రెఫరీలు ఎక్కడ దొరుకుతారో, మ్యాచ్‌కి ఎంత ఇస్తే న్యాయంగా ఉంటుందో, ఆ డబ్బు తల్లిదండ్రుల దగ్గర ఎలా అడగాలో చెప్పండి.

లెక్కల పంతులు · సోమవారం, రాత్రి 10:41

ఇప్పటిదాకా ఎంత ఇచ్చారు? ఎప్పుడు ఇచ్చారు?

పట్టు ఊరి నాన్న · సోమవారం, రాత్రి 10:50

మ్యాచ్‌కి 100. ఉదయం మూడు మ్యాచ్‌లు, అంటే మనిషికి 300. రానూపోనూ ఖర్చు అందులోనే. మొదట్లో అదే రోజు ఇచ్చేవాళ్ళం. తరవాత చందాలు ఆలస్యమై నెలకోసారి ఇచ్చాం. ఆఖరి నెలది ఇంకా బాకీ ఉంది. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది కానీ దాచి లాభం లేదు.

డ్రిల్లు మాస్టారు · మంగళవారం, ఉదయం 5:35

బాబూ, నేను పర్లాకిమిడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఆడించి రిటైరయ్యాను. మా రోజుల్లో రెఫరీకి ఒక టీ, రెండు ఇడ్లీలు, బస్సు టికెట్టు. అంతే. అప్పుడు మాకు జీతం ఇచ్చే స్కూలు ఉండేది, ఆట ఆడించడం ఆ ఉద్యోగంలో భాగం. ఆదివారం మీ పిల్లల కోసం పొరుగూరి నుంచి వచ్చేవాడికి ఆ జీతం లేదు. కాబట్టి ఊరికే రమ్మనడం, వచ్చాక నెల తిప్పడం రెండూ తప్పే.

ఇంకో మాట. ఒక్కడికి విజిల్ ఇచ్చి కోర్టంతా చూడమనకండి. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట మొదలుపెట్టి 13 నియమాలు రాసినప్పుడే ఇద్దర్ని పెట్టాడు. అంపైర్ మనుషుల్ని చూడాలి, ఫౌళ్ళు లెక్కపెట్టాలి. రెఫరీ బంతిని చూడాలి. ఆట పుట్టిన రోజునే ఒక మనిషికి రెండూ చూడటం కాదని ఆయనకి తెలిసింది. ఇప్పుడు ఇద్దరుంటే ఒకడు బేస్‌లైన్ (రింగ్ వెనక గీత) దగ్గర రింగ్ కింద, రెండోవాడు వెనక నుంచి. కోర్టు 28 మీటర్ల పొడుగు. నువ్వు మొన్న ఒక్కడివే దాని ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తుతూ చెయ్యి తగిలిందో లేదో ఎక్కణ్ణుంచి చూశావు? వెనక నుంచే చూసి ఉంటావు. వెనక నుంచి చూస్తే ప్రతి చెయ్యీ తగిలినట్టే కనిపిస్తుంది. నీ మనసులో దోషం వెతుక్కోకు, నువ్వు నిలబడిన చోటు చూసుకో.

బేస్‌లైన్ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను ఇచ్ఛాపురం వైపు మనిషిని. పదకొండేళ్ళుగా విజిల్ ఊదుతున్నాను. బరంపురంలో ఒకటి కంటే ఎక్కువ లీగులకి వచ్చాను. మీ లీగుకి వచ్చానో లేదో ఇక్కడ చెప్పను, అది ముఖ్యం కాదు.

ఆరు గంటల మ్యాచ్ అంటే నేను నాలుగున్నరకి లేవాలి. హైవే మీద బండి, లారీల మధ్యలో దాదాపు 25 కిలోమీటర్లు, చలికాలం అయితే మంచు. మ్యాచ్‌కి 20 నిమిషాల ముందే కోర్టులో ఉండాలని రూల్సులోనే ఉంది, నేను ఉంటాను. మూడు మ్యాచ్‌లు పరిగెత్తి ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. పెట్రోలు పోగా చేతిలో మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. అయినా వచ్చేవాణ్ణి. పిల్లల ఆట చూడటం ఇష్టం.

డబ్బు తక్కువని నేను మానలేదు. నా డబ్బు నేను మూడుసార్లు అడగాల్సి వచ్చింది. అడిగిన ప్రతిసారీ నేనేదో అప్పు అడుగుతున్నట్టు ఉండేది. అది మొదటి కారణం.

రెండోది. ఒక ఆదివారం మా అమ్మాయిని తీసుకొచ్చాను, తొమ్మిదేళ్ళు, ఆట చూస్తానంది. ఆ రోజు ఆఖరి నిమిషంలో ఒక ట్రావెలింగ్ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వెయ్యడం) ఇచ్చాను. చూస్తున్నవాళ్ళలో ఒకాయన లేచి "ఆంధ్రా వాణ్ణి తెస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఇంకొకాయన, తెలుగాయనే, "మనవాడై ఉండి మన పిల్లల మీదే ఊదుతాడు" అన్నాడు. ఒకే విజిల్‌కి రెండు వైపుల నుంచీ తిట్లు. నిర్వాహకులు పదిమంది ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. దారిలో మా అమ్మాయి "నాన్నా, నువ్వు తప్పు చేశావా" అని అడిగింది.

మరుసటి వారం నుంచి వెళ్ళలేదు.

పట్టు ఊరి నాన్న · మంగళవారం, మధ్యాహ్నం 2:02

అన్నా, చదివాను. ఇది రెండుసార్లు రాసి చెరిపేశాను. మా కోర్టులో కూడా అలాంటి మాటలు వినపడ్డాయి. విని ఊరుకున్న పదిమందిలో నేనూ ఉన్నాను. మీరు వచ్చింది మా దగ్గరికైనా కాకపోయినా క్షమించండి. పాత బాకీ ఉన్న ఇద్దరికీ ఈ రాత్రికే పంపిస్తున్నాను.

రాయగడ అమ్మ · మంగళవారం, సాయంత్రం 4:30

నేను రాయగడలో మా అమ్మాయిల జట్టుకి టేబుల్ దగ్గర కూర్చుంటాను. రెఫరీ గురించే అందరూ మాట్లాడుతున్నారు. మొన్న ఆ పిల్లాడికి జరిగింది రెఫరీ లేక కాదు, టేబుల్ సరిగ్గా లేక.

టేబుల్ మీద ఐదు అట్టలు ఉండాలి. తెల్ల అట్ట మీద 1 నుంచి 4 దాకా నల్ల అంకెలు, 5 మాత్రం ఎర్ర అంకె. ఎవరికి ఫౌల్ పడినా స్కోరర్ ఆ పిల్లాడి ఎన్నో ఫౌలో ఆ అట్ట ఎత్తి ఇద్దరు కోచ్‌లకీ చూపించాలి. నాలుగో అట్ట చూసినప్పుడే కోచ్ పిల్లాణ్ణి కాసేపు కూర్చోబెట్టేవాడు. ఆ అట్టలకి ఖర్చు ఏముంది? పెళ్ళి కార్డు వెనకాల స్కెచ్ పెన్నుతో రాసుకోవచ్చు, మేం అలాగే రాసుకున్నాం.

అలాగే ఒక క్వార్టర్‌లో జట్టుకి నాలుగు ఫౌళ్ళు అయ్యాయా, ఐదో దానికి అవతలి జట్టుకి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డం రాకుండా రింగ్‌లోకి వేసే అవకాశాలు. అది కూడా టేబుల్ లెక్కే. టేబుల్ తప్పు లెక్క చెబితే తిట్లు మాత్రం రెఫరీకి పడతాయి. కాబట్టి టేబుల్ దగ్గర ఎవరో ఖాళీగా ఉన్న నాన్నని కూర్చోబెట్టకండి. ఫోన్ చూస్తూ కూర్చుంటారు. ఇద్దరు తల్లులకి స్కోర్ షీట్ రాయడం నేర్పండి, వాళ్ళకీ మ్యాచ్‌కి ఇంత అని ఇవ్వండి. మొదట్లో నేను వద్దన్నాను. ఇచ్చాక చూశాను, డబ్బు తీసుకున్న రోజు నా చూపు షీట్ మీంచి కదలదు.

లెక్కల పంతులు · మంగళవారం, సాయంత్రం 6:10

అక్క చెప్పినదాన్ని కలుపుకుని లెక్క వేశాను.

ఎనిమిది జట్లు, ప్రతి జట్టూ మిగిలిన అన్నింటితో ఒకసారి ఆడితే 28 మ్యాచ్‌లు. రెండు సెమీస్, ఒక ఫైనల్ కలిపి 31. మ్యాచ్‌కి ఇద్దరు రెఫరీలు, మనిషికి 200 చొప్పున 400. టేబుల్ దగ్గర ఇద్దరు, 75 చొప్పున 150. మొత్తం 550. 31 మ్యాచ్‌లకి 17,050. వారానికి నాలుగు మ్యాచ్‌లు పెడితే ఎనిమిది ఆదివారాలు. ఇద్దరు రెఫరీలూ ఒకే బండి మీద వస్తే పెట్రోలుకి వారానికి 200 విడిగా, 1,600. అంతా కలిపి 18,650. మీ దగ్గర 80 మంది పిల్లలు. ఒక్కో పిల్లాడికి 233 రూపాయలు, అదీ సీజన్ మొత్తానికి.

ఉదయం 6 నుంచి 10 లోపల నాలుగు మ్యాచ్‌లు పట్టాలంటే క్వార్టర్ పది నిమిషాలు కాకుండా ఎనిమిది పెట్టండి, గడియారం ఆపకండి. ఆఖరి క్వార్టర్‌లో చివరి రెండు నిమిషాలు మాత్రం విజిల్ పడినప్పుడల్లా ఆపండి. ఒక్కో మ్యాచ్ గంటలోపు అయిపోతుంది. రెఫరీకి కూడా ఒక్క ప్రయాణంలో 800 వస్తుంది. పొరుగూరి నుంచి వచ్చేవాడికి మ్యాచ్ రేటు కన్నా పొద్దున్నే వచ్చినందుకు మొత్తం ఎంత అన్నదే లెక్క.

ఇక డబ్బు సీజన్ మొదలయ్యే ముందే ఒకరి దగ్గర చేరిపోవాలి. మొదటి జంప్ బాల్‌కి ముందు 18,650 చేతిలో లేకపోతే మ్యాచ్‌లు తగ్గించుకోండి, రెఫరీ డబ్బు మాత్రం తగ్గించకండి.

జయపురం 7 · మంగళవారం, రాత్రి 8:25

నేను ఒప్పుకోను. 233 తేలిగ్గా అనేశారు. మా జట్టులో ముగ్గురు పిల్లల నాన్నలు రోజు కూలీకి వెళ్తారు. ఫీజు అనగానే ఆ పిల్లలు రేపట్నుంచి రారు, వాళ్ళ ఇంట్లో అడగను కూడా అడగరు. నాకు ఇలాంటి ఇద్దరు పిల్లలు అలా మాయమయ్యారు. మా జయపురంలో తల్లిదండ్రులమే వంతులు వేసుకుని ఊదుతాం. ఎవరి పిల్లాడి మ్యాచ్ వాళ్ళు ఊదకూడదు, అంతే నియమం. పైసా ఖర్చు లేదు. ఆట అనేది ఊరి పని. డబ్బు వచ్చిందంటే అది కాంట్రాక్టు అయిపోతుంది.

లెక్కల పంతులు · మంగళవారం, రాత్రి 8:52

తమ్ముడూ, ఆ పిల్లల సంగతి నువ్వు చెప్పింది నిజం. కానీ దానికి మందు రెఫరీని ఊరికే పిలవడం కాదు. డబ్బా పెట్టండి. ప్రతి ఇంటికీ ఒక కవరు ఇచ్చి, ఎవరికి తోచింది వాళ్ళు పెట్టి డబ్బాలో వెయ్యమనండి. ఖాళీ కవరు వేసినా ఎవరికీ తెలియదు. కవరు మీద పేరు ఉండకూడదు. మా ఊళ్ళో గుడి పనికి ఇలాగే చేశాం. 500 పెట్టినవాళ్ళూ ఉన్నారు, ఏమీ పెట్టనివాళ్ళూ ఉన్నారు. మొత్తం మీద లెక్క సరిపోయింది. తగ్గితే జెర్సీ వెనక ఒక బట్టల కొట్టు పేరు వేయించండి. బరంపురంలో పట్టు కొట్లకి కొదవా?

డ్రిల్లు మాస్టారు · బుధవారం, ఉదయం 5:20

జయపురం బాబూ, మీ పద్ధతి మంచిదే, మీ ఊళ్ళో ఆట తెలిసిన తల్లిదండ్రులు ఉన్నంతకాలం. ఆ నలుగురి పిల్లలూ పెద్దవాళ్ళై కాలేజీకి వెళ్ళిపోయాక ఎవరు ఊదుతారు? నేను ముప్ఫై ఏళ్ళలో చూసింది అదే. కొడుకు ఆడినంతకాలం నాన్న వస్తాడు.

బల్లార్షా · బుధవారం, ఉదయం 11:00

మాది మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా. మా దగ్గర కూడా తెలుగోళ్ళ పిల్లలు చాలా మంది ఆడతరు. మాకు రెఫరీలు ఇద్దరే ఉన్నరు, అందుకే చిన్న పిల్లలకి మేము త్రీ ఆన్ త్రీ పెట్టినం. సగం కోర్టు, ఒకటే రింగ్, జట్టుకి ముగ్గురు ఒక సబ్‌స్టిట్యూట్. పది నిమిషాలు, లేకుంటే ఎవరు ముందు 21 కొడితే వాళ్ళు గెలిచినట్టు. సగం కోర్టే కాబట్టి చిన్న పిల్లలకి ఒక రెఫరీతో నడుస్తది. రెండు రింగుల దగ్గర రెండు మ్యాచ్‌లు ఒకేసారి అయితయి. టోక్యో ఒలింపిక్స్‌లో కూడా పెట్టిండ్రు కదా, పిల్లలకి అది చెప్తే ఎవరూ చిన్న ఆట అనుకోరు. నెలలో ఒక ఆదివారం ఇట్ల పెట్టి చూడుండ్రి, రెఫరీలకి ఊపిరి ఆడుతది.

దూరపు చుట్టం · బుధవారం, మధ్యాహ్నం 12:40

అన్నయ్యా, నేను బరంపురంలోనే పుట్టి పెరిగాను, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాను. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడి టౌన్ లీగ్‌లో ఆడతారు. ఇక్కడ కూడా ఇదే గొడవ. 2018–19 సీజన్ తరవాత మూడేళ్ళలో దాదాపు 50,000 మంది హైస్కూల్ ఆటల అఫీషియల్స్ మానేశారని ఇక్కడి హైస్కూళ్ళ జాతీయ సమాఖ్యే చెప్పింది. అందులో కోవిడ్ వల్ల పోయినవాళ్ళు ఉన్నారు. కానీ మానేసినవాళ్ళని అడిగితే ముందు వినపడే మాట తల్లిదండ్రుల అరుపులు. డబ్బున్న దేశంలోనూ డబ్బుతో ఆగడం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా లీగ్ వాళ్ళు చేసే పని ఒకటి నాకు బాగా నచ్చింది. హైస్కూలు పిల్లలకి, అంటే 15, 16 ఏళ్ళ వాళ్ళకి, రెండు రోజులు శిక్షణ ఇచ్చి చిన్న పిల్లల మ్యాచ్‌లు ఇస్తారు. పక్కన ఒక పెద్ద రెఫరీ ఉంటారు. డబ్బులిస్తారు. రెఫరీలకి మ్యాచ్‌లు పంచడానికి ఒక మనిషి ఉంటాడు, ఆయన్ని అసైనర్ అంటారు. ఏ ఆదివారం ఎవరు వస్తున్నారు, రాలేకపోతే బదులు ఎవరు, ఎవరికి ఎంత ఇవ్వాలి, అంతా ఆయన చేతిలో. కోచ్‌లు నేరుగా రెఫరీకి ఫోన్ చెయ్యకూడదు. మా అబ్బాయి మొన్న శీతాకాలం నుంచి ఊదుతున్నాడు. మొదటి రోజు ఇంటికొచ్చి రెండు గంటలు పడుకున్నాడు, అంత టెన్షన్ పడ్డాడు. ఇప్పుడు వాడు ఆడేటప్పుడు రెఫరీ మీద చేతులు ఎగరెయ్యడం మానేశాడు.

మహేంద్రతనయ · బుధవారం, రాత్రి 9:15

మాస్టారూ నమస్కారం, మీరు నన్ను గుర్తుపట్టలేరు కానీ మీ స్కూల్ గ్రౌండ్‌లోనే ఆడాను. పర్లాకిమిడి. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు.

నేను 16 ఏళ్ళకి విజిల్ పట్టాను. మోకాలికి దెబ్బ తగిలి ఏడాది ఆడలేకపోయాను, మా సార్ "కూర్చుని ఏడిచే బదులు ఊదు" అన్నారు. అలా మొదలైంది. ఏటికి అవతల పాతపట్నం పిల్లలు, ఇవతల మేము, శెలవుల్లో మ్యాచ్‌లు పెట్టుకునేవాళ్ళం. మొదటి మ్యాచ్‌కి నాకు 50 రూపాయలు ఇచ్చారు. ఆ నోటు ఖర్చు పెట్టలేదు, ఇప్పటికీ ఉంది.

కొత్తగా నేర్పేటప్పుడు రూల్ బుక్ అంతా చెప్పకండి. ఫీబా, అంటే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య వాళ్ళ వెబ్‌సైట్‌లో పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది, తరవాత చదువుకుంటారు. ముందు ఐదారు విషయాలు చాలు. బంతి గీత దాటిందా. ట్రావెలింగ్. డబుల్ డ్రిబుల్, అంటే బంతి నేలకి కొట్టడం ఆపి మళ్ళీ కొట్టడం. షూట్ చేసే చెయ్యి మీద దెబ్బ. తోపు. అవతలి రింగ్ కింద మూడు సెకన్లకి మించి నిలబడటం. చేతి సంజ్ఞలు కూడా అంతే: ఫౌల్ అయితే పిడికిలి పైకి, మిగతా తప్పులకి అరచెయ్యి తెరిచి పైకి. ఆ సంజ్ఞకి తెలుగూ ఒడియా ఉండవు. మా దగ్గర భాష గొడవ సంజ్ఞలు గట్టిగా, స్పష్టంగా చూపించడం మొదలుపెట్టాకే తగ్గింది.

ట్రావెలింగ్ గురించి మాత్రం పిల్లలకే కాదు, తల్లిదండ్రులకి కూడా చెప్పాలి. సగం అరుపులు దాని మీదే. 2017 అక్టోబరు నుంచి ఫీబా నియమం మారింది. కదులుతూ బంతి పట్టుకునేటప్పుడు నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు. ఆ తరవాత రెండు అడుగులు. దాన్ని జీరో స్టెప్ అంటాం. పాత కాలంలో ఆడిన నాన్నల కంటికి అది మూడు అడుగుల్లా కనిపిస్తుంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళు నేర్చుకున్న రూల్ అది. సీజన్ మొదటి రోజు అందరి ముందూ నెమ్మదిగా నడిచి చూపించండి. నేను చూపించాక మా దగ్గర ఒక పెద్దాయన వచ్చి "పోయిన ఏడు నిన్ను అనవసరంగా తిట్టాను" అన్నారు.

విజిల్ ఎవరిది వాళ్ళకే ఉండాలి, నోటి దగ్గరిది. లోపల గోళీ లేనిది కొనండి. గోళీ ఉన్నవి ఉమ్మి పట్టి సరిగ్గా అవసరమైనప్పుడే మూగపోతాయి. కెనడా రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌కి 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అదే జరిగింది. ఆ బాధతోనే ఆయన గోళీ లేని విజిల్ తయారు చేయించారు. 1987లో వచ్చిన ఫాక్స్ 40 అదే.

జయపురం 7 · బుధవారం, రాత్రి 9:48

తమ్ముడూ, 16 ఏళ్ళ పిల్లాడి మీద నలభై ఏళ్ళ మనిషి అరిస్తే? నా భయం అదే. మన పెద్దవాళ్ళ సంగతి మనకి తెలుసు.

బేస్‌లైన్ · బుధవారం, రాత్రి 10:30

ఆ భయం సరైనదే. రూల్సులో టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తన బాగోలేకపోతే వేసేది, ఉన్నది ఆటగాడికి, కోచ్‌కి, బెంచీ మీద ఉన్నవాళ్ళకి. గట్టు మీద కూర్చున్న నాన్న మీద వెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. అక్కడ కాపాడాల్సింది మీరు.

నా షరతులు చెబుతాను. వీటికి ఒప్పుకునే లీగ్‌కి నేను మళ్ళీ వస్తాను.

ప్రతి ఆదివారం ఒక మనిషి పేరు ముందే చెప్పాలి. ఆ రోజు చూసేవాళ్ళ బాధ్యత ఆయనది. ఎవరైనా రెఫరీ మీద నోరు జారితే నేను బంతి పట్టుకుని నిలబడతాను, గడియారం ఆపిస్తాను, ఒక్క మాట మాట్లాడను. ఆ మనిషి వెళ్ళి మాట్లాడాలి. అరిచినాయన గేటు బయటికి వెళ్ళేదాకా ఆట మొదలవ్వదు. పిల్లలందరూ చూస్తూ నిలబడతారు. మా దగ్గర ఒకే ఒక్కసారి ఇలా చెయ్యాల్సి వచ్చింది, రెండోసారి అవసరం పడలేదు.

నేర్చుకుంటున్న పిల్లల చేతికి పసుపు రిబ్బన్ కట్టండి. వీడు నేర్చుకుంటున్నాడని అందరికీ కనపడాలి. వాడి తప్పు గురించి మాట్లాడేది పక్కనున్న పెద్ద రెఫరీయే, అదీ మ్యాచ్ అయ్యాక, పక్కకి పిలిచి.

డబ్బు చివరి విజిల్ తరవాత, నేను బూట్లు మార్చుకునే లోపల ఫోన్‌కి రావాలి. నేను బయల్దేరాక వాన వచ్చి ఆట ఆగిపోతే సగం ఇవ్వాలి. నేను మాట ఇచ్చి రాకపోతే ఆ తరవాతి వారం నాకు సగమే ఇవ్వండి. ఇది రెండు వైపులా ఉండాలి.

రేటు 200 చాలు. నాకు 100 ఇచ్చినా వచ్చేవాణ్ణే, అడిగించుకోకుండా ఇచ్చి ఉంటే.

రాయగడ అమ్మ · గురువారం, ఉదయం 7:10

ఆడపిల్లల్ని కూడా రెఫరీలుగా పిలవండి. మా దగ్గర పార్వతీపురం నుంచి రైల్లో ఒక అమ్మాయి వచ్చి ఊదేది. ఆ అమ్మాయి వచ్చిన రోజుల్లో మా పిల్లలు కళ్ళు తిప్పకుండా చూసేవాళ్ళు. కానీ బట్టలు మార్చుకోవడానికి గది, బాత్రూమ్ తాళం, తిరుగు రైలు టైముకి స్టేషన్ దాకా దింపడం, ఇవన్నీ ముందే చూసుకోవాలి. మేం చూసుకోలేదు, ఆ అమ్మాయి మానేసింది. దీనికి మా దగ్గర ఇప్పటికీ సరైన ఏర్పాటు లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

డ్రిల్లు మాస్టారు · గురువారం, ఉదయం 7:40

మహేంద్రతనయా, మోకాలి కట్టుతో గోల్ పోస్టు కింద కూర్చునేవాడివి నువ్వేనా? గుర్తున్నావు. బాగా రాశావు.

నేను బరంపురం వస్తాను బాబూ, రెండు ఆదివారాలు. పది మంది పిల్లల్ని పోగు చెయ్యి, తొమ్మిది, పది తరగతుల వాళ్ళు. పరీక్షల ముందు వద్దు. ఠాకురాణి జాత్ర ఉన్న ఏడాది అయితే ఆ నెలంతా వదిలెయ్యి, పిల్లలూ రారు, పెద్దలూ రారు. నాకు డబ్బు వద్దు అనను, ఇప్పుడిన్ని మాటలు చదివాక అలా అనకూడదు. రానూపోనూ ఖర్చు ఇవ్వు, ఇంకో 200 ఇవ్వు. పుచ్చుకుంటాను.

పట్టు ఊరి నాన్న · తరవాతి సోమవారం, రాత్రి 9:30

అందరికీ చెప్పాల్సినవి ఉన్నాయి.

శనివారం సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచాం. 80 ఇళ్ళకి గాను 50 మంది పైనే వచ్చారు. బేస్‌లైన్ అన్న పోస్టుని తెలుగులో నేను చదివాను, మా ఒడియా మిత్రుడొకరు ఒడియాలో చెప్పారు. "నాన్నా, నువ్వు తప్పు చేశావా" దగ్గర ఎవరూ మాట్లాడలేదు. తరవాత కవర్లు పంచాం. ఈ సాయంత్రం డబ్బా తెరిచాం, 14,300 వచ్చింది. మిగిలినది ఒక కొట్టాయన జెర్సీల మీద పేరు వేయిస్తే ఇస్తానన్నారు. ఎవరు ఎంత పెట్టారో నాకు తెలియదు, తెలుసుకోను.

పాత బాకీలు తీరాయి. ఒకాయన "అందింది" అని మాత్రం మెసేజ్ పెట్టారు. రెండో ఆయన ఫోన్ చేసి ఐదు నిమిషాలు మాట్లాడారు, వచ్చే నెల నుంచి వస్తానన్నారు.

నిన్న ఫైవ్ ఆన్ ఫైవ్ మ్యాచ్‌లు పెట్టలేదు. బల్లార్షా అన్న చెప్పినట్టు రెండు రింగుల దగ్గర త్రీ ఆన్ త్రీ ఆడించాం. ఒక రింగ్ దగ్గర మన మహేంద్రతనయే ఊదాడు, పర్లాకిమిడి నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చాడు. రెండో రింగ్ దగ్గర అతని స్నేహితుడు. చివరి విజిల్ అయిన రెండు నిమిషాలకి ఇద్దరికీ డబ్బు పంపాను. మహేంద్రతనయ స్క్రీన్ చూసి "ఇంత త్వరగానా" అన్నాడు.

శనివారం రాత్రే ఆ పిల్లాడి ఇంటికి కూడా వెళ్ళాను. వాళ్ళమ్మ తలుపు తీసింది. నేను ఫౌల్ గురించి వాదించలేదు. నాలుగో ఫౌల్ అప్పుడు మీవాడికి చెప్పాల్సింది, చెప్పలేదు, అది మా తప్పు అన్నాను. ఆవిడ టీ ఇచ్చింది. పిల్లాడు లోపల్నుంచి వచ్చి, రేపు ఎవరు ఊదుతారు అని అడిగాడు. నేను కాదు అని చెప్పాను. నిన్న వచ్చాడు. రెండు మ్యాచ్‌లు ఆడాడు.

మాస్టారూ, పది మంది అన్నారు, పదమూడు మంది పేర్లు ఇచ్చారు. అందులో నలుగురు ఆడపిల్లలు. వాళ్ళ కోసం స్కూలు వాళ్ళని స్టాఫ్ రూమ్ తాళం అడిగాను, ఇస్తామన్నారు. పసుపు రిబ్బన్ రెండు మీటర్లు కొన్నాను. అట్టలు ఆ పిల్లాడి వాళ్ళమ్మ రాస్తానంది, ఆవిడ టేబుల్ నేర్చుకుంటుందట. రాయగడ అక్కా, స్కోర్ షీట్ రాసే పద్ధతి ఒకటి ఫోటో తీసి పెట్టగలరా?

రాయగడ అమ్మ · సోమవారం, రాత్రి 9:44

పెడతాను. నిండిన షీటే పెడతాను, ఖాళీది చూస్తే అర్థం కాదు. ఆవిడకి నా నంబరు ఇవ్వండి, మొదటి రోజు ఫోన్ పక్కన పెట్టుకుని ఉంటాను.

బేస్‌లైన్ · సోమవారం, రాత్రి 10:05

మొదటి ఫైవ్ ఆన్ ఫైవ్ ఆదివారం ఎప్పుడో చెప్పండి. చూసేవాళ్ళ బాధ్యత ఆ రోజు ఎవరిదో పేరు కూడా పెట్టండి. మా అమ్మాయి వస్తానంటోంది.

పట్టు ఊరి నాన్న · సోమవారం, రాత్రి 10:07

మాస్టారి రెండు ఆదివారాలూ అయ్యాక మూడో ఆదివారం అన్నా, 6 గంటలకి. ఆ రోజు బాధ్యత నాది.